ఫ్యాక్టరీ పోయింది, మట్టి మాటేమిటి? పాత పారిశ్రామిక భూముల్లో పార్కులు, బడులు, ఇళ్లు కట్టే ముందు తెలుసుకోవాల్సినవి

ఒకప్పుడు ఊరి చివర ఉన్న పారిశ్రామికవాడ ఇప్పుడు నగరం మధ్యలోకి వచ్చేసింది. షెడ్లు మూతపడ్డాయి. గోడలు కూల్చి, నేల చదును చేసి, అక్కడ అపార్టుమెంట్లు, పార్కు, బడి, ఆసుపత్రి కడతామంటే ఎవరైనా సంతోషిస్తారు. హైదరాబాద్ లాంటి చోట ఖాళీ జాగా దొరకడమే గగనం.

అయితే ఆ స్థలంలో ముప్పై నలభై ఏళ్లు ఏం తయారుచేశారు, ఏం పారబోశారు, నేలలోకి ఏం ఇంకింది అన్నది షెడ్డు కూల్చగానే పోయే సంగతి కాదు. మీ పిల్లాడు ఆడుకునే ఇసుకలో, మీ అపార్టుమెంటు బోరు నీళ్లలో అది మళ్లీ కనిపించవచ్చు.

ఇప్పుడు ఈ విషయం మాట్లాడుకోవడానికి కారణం ఉంది. ఔటర్ రింగు రోడ్డు లోపల, దాని పరిసరాల్లో ఉన్న పాత పారిశ్రామికవాడల భూములను ఇళ్లు, కార్యాలయాలు, బడులు, ఆసుపత్రుల వంటి అవసరాలకు మార్చుకునేందుకు వీలు కల్పిస్తూ 2025 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం ఒక విధానం తెచ్చింది. దాన్నే 'హిల్ట్' పాలసీ అంటున్నారు. బాలానగర్, కాటేదాన్, జీడిమెట్ల, నాచారం వంటి వాడలన్నీ కలిపి సుమారు 9,292 ఎకరాల లెక్క. ముందున్న రోడ్డు 80 అడుగుల కంటే తక్కువైతే రిజిస్ట్రేషన్ విలువలో 30 శాతం, అంతకు మించితే 50 శాతం రుసుము కట్టి భూ వినియోగం మార్చుకోవచ్చన్నది అందులోని ముఖ్యాంశం.

దీనిపై రాజకీయ చర్చ చాలా జరిగింది. అందులో ఎక్కువ భాగం ధర గురించే. ఎకరం ఎంత, రుసుము ఎంత, లాభం ఎవరికి అన్నవే ప్రశ్నలు. అవి అడగాల్సిన ప్రశ్నలే. కానీ 'ఆ మట్టిలో ఏముంది?' అన్న ప్రశ్న అంతగా వినపడలేదు. నిజానికి ధర తేల్చాలన్నా ముందు తేలాల్సింది అదే.

మట్టిలో ఏం మిగులుతుంది?

పొగ గొట్టం ఆగితే పొగ ఆగుతుంది. మట్టి కాలుష్యం అలా ఆగదు. లోహపు పూత వేసే యూనిట్ల నుంచి క్రోమియం, నికెల్, బ్యాటరీలు కరిగించే చోట సీసం, మందుల, రంగుల తయారీ నుంచి ద్రావకాలు, లవణాలు నేలలోకి దిగుతాయి. ఇవన్నీ దొంగచాటుగా పారబోసినవే కానక్కర్లేదు. కారిపోయే డ్రమ్ము, పగిలిన భూగర్భ ట్యాంకు, బీటలు వారిన కాలువ ఏళ్ల తరబడి చుక్క చుక్కగా ఈ పని చేస్తుంటాయి.

సీసం, ఆర్సెనిక్ వంటివి మూలకాలు. అవి కుళ్లిపోవు, విరిగిపోవు. ఎంత కాలమైనా మట్టిలోనే ఉంటాయి. కొన్ని ద్రావకాలు నీటి కంటే బరువైనవి. అవి భూగర్భ జలం అడుగుకు చేరి, అక్కడి నుంచి మెల్లగా కరుగుతూ దశాబ్దాల పాటు నీటిని పాడుచేస్తాయి. వాటి ఆవిరి పైనున్న భవనాల సెల్లార్లలోకి, గదుల్లోకి చేరే ప్రమాదం కూడా ఉంది.

హైదరాబాద్ విషయంలో ఇది ఊహ కాదు. కాటేదాన్, పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతాల మట్టిలో క్రోమియం, సీసం, ఆర్సెనిక్ వంటివి ఉండాల్సిన దానికంటే ఎక్కువగా ఉన్నాయని నగరంలోనే ఉన్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు 2000వ దశకంలోనే పరిశోధన పత్రాల్లో రాశారు. ప్రపంచ బ్యాంకు రుణంతో 2010లో మంజూరైన పారిశ్రామిక కాలుష్య నిర్వహణ ప్రాజెక్టులో, శుద్ధి చేసి చూపడానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి ఎంపికచేసిన స్థలాల్లో కాటేదాన్ పక్కనున్న నూర్ మహమ్మద్ కుంట ఒకటి. కడప చెత్త డంపింగ్ యార్డు మరొకటి. అంటే సమస్య ఉందని ప్రభుత్వాలకు తెలిసి పదిహేనేళ్లు దాటింది.

'శుభ్రం' అంటే ఎంత శుభ్రం?

ఇక్కడే అసలు మెలిక ఉంది. మట్టి శుభ్రంగా ఉందా లేదా అన్నదానికి ఒకే జవాబు ఉండదు. ఆ నేలను దేనికి వాడతారన్న దాన్ని బట్టి జవాబు మారుతుంది.

కెనడా మార్గదర్శకాలు చూస్తే ఇది సులువుగా అర్థమవుతుంది. అక్కడ కిలో మట్టిలో సీసం పరిశ్రమల స్థలంలో 600 మిల్లీగ్రాముల వరకు, వాణిజ్య స్థలంలో 260 వరకు ఉండవచ్చు. ఇళ్లు, పార్కులైతే 140 దాటకూడదు. పంట పొలంలో 70 దాటకూడదు.

కారణం సాదాసీదాగానే ఉంటుంది. ఫ్యాక్టరీలో పెద్దవాళ్లు బూట్లు వేసుకుని, సిమెంటు గచ్చు మీద, రోజుకు కొన్ని గంటలు పనిచేస్తారు. పార్కులో పసిపిల్లలు మట్టిలో కూర్చుంటారు, ఆ చేతులే నోట్లో పెట్టుకుంటారు. సీసం వల్ల ఎక్కువ నష్టం జరిగేది ఎదిగే మెదడుకే.

ఇప్పుడు కిలోకు 500 మిల్లీగ్రాముల సీసం ఉన్న ఒక స్థలం ఉందనుకోండి. ఆ ప్రమాణం ప్రకారం ఫ్యాక్టరీగా ఉన్నంత కాలం అది పరిమితి లోపే ఉన్నట్టు. భూ వినియోగం మారుస్తూ ఫైలు మీద సంతకం పడిన రోజున అదే స్థలం పరిమితికి మూడున్నర రెట్లు పైన ఉన్నట్టు. మట్టిలో ఒక్క రేణువు కూడా మారలేదు, మారిందల్లా దాని మీద ఉండబోయే మనిషి. అందుకే పరీక్ష జరగాల్సిన సమయం భూ వినియోగం మార్చడానికి ముందే తప్ప, పునాదులు తవ్విన తరువాత కాదు.

ప్రమాణం ఎంత ఉండాలన్నది కూడా తేలికగా తేలదు. తమిళనాడులోని కొడైకెనాల్‌లో హిందుస్థాన్ యూనిలీవర్‌కు చెందిన థర్మామీటర్ల ఫ్యాక్టరీ పాదరసం కాలుష్యం బయటపడి 2001లో మూతపడింది. అక్కడి మట్టిలో పాదరసాన్ని కిలోకు 20 మిల్లీగ్రాముల స్థాయికి తగ్గిస్తే సరిపోతుందని అధికారులు నిర్ణయించారు. చుట్టూ షోలా అడవి, కింద నీటి వనరులు ఉన్న చోట అది చాలదని, ఇంకా కఠినంగా ఉండాలని స్థానికులు, పర్యావరణ కార్యకర్తలు పట్టుబట్టారు. ఆ వాదనలోనే ఏళ్లు గడిచాయి.

మట్టిని ఎలా శుభ్రం చేస్తారు?

మొదటి పని పాత కాగితాలు తిరగేయడం. ఆ స్థలంలో ఏ ఏ కంపెనీలు నడిచాయి, ఏ రసాయనాలు వాడాయి, ట్యాంకులు, వ్యర్థాల గుంతలు ఎక్కడ ఉండేవి అన్నది తెలుసుకోవాలి. తరువాత గళ్లు గీసినట్టు స్థలాన్ని విభజించి, వేర్వేరు లోతుల్లో మట్టి నమూనాలు తీస్తారు. పరిశీలన బోర్లు వేసి నీళ్లు పరీక్షిస్తారు. ఒక మూల నుంచి గుప్పెడు మట్టి తెచ్చి పరీక్షించి 'అంతా బాగుంది' అనడం కుదరదు.

కాలుష్యం ఉందని తేలితే దారులు కొన్ని ఉన్నాయి.

తవ్వి తీసేయడం: అన్నిటికంటే వేగంగా అయ్యేది ఇదే. కానీ ఆ మట్టి మామూలు మట్టి కాదు, ప్రమాదకర వ్యర్థం స్థాయిలో ఉంటే దాన్ని దుండిగల్, పరవాడల్లో ఉన్నటువంటి ప్రత్యేక శుద్ధి, నిల్వ కేంద్రాలకే పంపాలి. ఖర్చు ఎక్కువ.

కడగడం, వేడి చేయడం: మట్టిని నీటితో, రసాయనాలతో కడిగి లోహాలను వేరుచేస్తారు. పాదరసం, ద్రావకాల వంటివైతే వేడి చేసి ఆవిరిగా బయటకు లాగుతారు.

గట్టిపరచడం: సిమెంటు వంటివి కలిపి విషాన్ని మట్టిలోనే బంధిస్తారు. అది పోదు, కదలకుండా ఉంటుంది అంతే.

సూక్ష్మజీవులతో శుద్ధి: డీజిల్, నూనెల వంటి వాటికి బాగా పనిచేస్తుంది. లోహాలను ఇది మాయం చేయలేదు.

కప్పేయడం: మీద నీరు దిగని పొర, ఆపైన శుభ్రమైన మట్టి వేసి పచ్చిక పెంచుతారు. చవక, కానీ కింద విషం అలాగే ఉంటుంది. అక్కడ బోరు వేయకూడదు, లోతుగా తవ్వకూడదు, ఏళ్ల తరబడి నీటిని పరీక్షిస్తూనే ఉండాలి. ఆ బాధ్యత ఎవరిదో కాగితం మీద లేకపోతే పదేళ్ల తరువాత అక్కడ ఏముందో గుర్తుపెట్టుకునే వాళ్లుండరు.

వీటికి తోడు, కలుషితమైన భూగర్భ జలాన్ని తోడి శుద్ధి చేయడం వేరే పని. అది నెలల్లో అయ్యేది కాదు, ఏళ్లు పడుతుంది.

మన నగరాల్లో మరో ప్రమాదం ఉంది. పెద్ద భవనానికి మూడు నాలుగు అంతస్తుల సెల్లార్ తవ్వుతారు. ఆ మట్టిని టిప్పర్లలో తీసుకెళ్లి ఎక్కడో పల్లపు ప్లాట్లలో నింపుతారు. గుంతలో ఊరిన నీటిని మోటార్లతో నాలాలోకి వదులుతారు. పరీక్ష లేకుండా ఈ పని చేస్తే ఒక చోటి కాలుష్యం పది చోట్లకు పాకుతుంది. ఆ పది చోట్ల ఉన్నవాళ్లకు తమ స్థలంలోకి ఏం వచ్చిందో కూడా తెలియదు.

చట్టం ఏం చెబుతోంది?

ప్రమాదకర వ్యర్థాలను ఎలా నిర్వహించాలో చెప్పే నిబంధనలు మన దేశంలో 1989 నుంచీ ఉన్నాయి. ఇప్పటికే పాడైపోయిన నేలను ఏం చేయాలన్నదానికి మాత్రం ప్రత్యేక నిబంధనలు చాలా కాలం లేవు. కేంద్ర పర్యావరణ శాఖ 2025 జులైలో తొలిసారిగా కలుషిత స్థలాల నిర్వహణ నిబంధనలను నోటిఫై చేసింది. అప్పటికి దేశంలో గుర్తించిన కలుషిత స్థలాలు 103. వాటిలో శుద్ధి పనులు మొదలైనవి ఏడు చోట్ల మాత్రమే.

ఈ నిబంధనల ప్రకారం క్రమం ఇలా ఉంటుంది. కాలుష్యం ఉందన్న అనుమానం ఉన్న స్థలాల జాబితాను స్థానిక సంస్థ లేదా జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి తయారుచేయాలి. తమంతట తాము గుర్తించవచ్చు, ప్రజల ఫిర్యాదు మీదైనా చేర్చవచ్చు. ఆ తరువాత 90 రోజుల్లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రాథమిక పరీక్ష జరపాలి. అనుమానం బలపడితే మరో మూడు నెలల్లో సమగ్ర సర్వే చేయాలి. కలుషిత స్థలమని తేలితే నిపుణుల సంస్థ శుద్ధి ప్రణాళిక వేస్తుంది. కాలుష్యానికి కారకులెవరో మండలి గుర్తించి, వాళ్ల నుంచే ఖర్చు రాబట్టాలి. కారకులు దొరక్కపోయినా, కట్టలేని స్థితిలో ఉన్నా ఆ భారం కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల మీద పడుతుంది.

రేడియోధార్మిక వ్యర్థాలు, గనుల వ్యర్థాలు, సముద్రంలో చమురు కాలుష్యం, మామూలు చెత్త డంపింగ్ యార్డులు వీటి పరిధిలోకి రావు. వాటికి వేరే చట్టాలున్నాయి.

నిబంధనలు రావడం మంచిదే. కానీ ఈ గడియారం తిరగడం మొదలయ్యేది జాబితాతో. స్థానిక సంస్థ ఆ స్థలం పేరు రాయకపోతే 90 రోజుల లెక్కే మొదలు కాదు. ఒకవైపు భూ వినియోగ మార్పిడి దరఖాస్తులు ఒక శాఖలో, మరోవైపు కాలుష్య జాబితా మరో శాఖలో నడుస్తాయి. రెండు ఫైళ్లూ ఒక బల్ల మీదికి రావాలని ఎవరో ఒకరు పట్టుబట్టాలి.

ఖర్చు ఎవరు భరించాలి?

'పాడుచేసినవాడే బాగుచేయాలి' అన్న సూత్రాన్ని సుప్రీంకోర్టు 1996లోనే బిచ్‌డీ కేసులో గట్టిగా చెప్పింది. రాజస్థాన్‌లోని ఆ ఊళ్లో 1980ల చివర రసాయన ఫ్యాక్టరీలు వదిలిన వ్యర్థాల వల్ల బావుల నీళ్లు రంగు మారి తాగడానికి పనికిరాకుండా పోయాయి. తీర్పు వచ్చాక కూడా కంపెనీ పిటిషన్ల మీద పిటిషన్లు వేస్తూ పోయింది. చివరికి 37.385 కోట్ల రూపాయలు వడ్డీతో కట్టాలని సుప్రీంకోర్టు 2011లో మళ్లీ ఆదేశించాల్సి వచ్చింది. మొదటి తీర్పుకీ దీనికీ మధ్య పదిహేనేళ్లు.

భోపాల్ సంగతి మీకు తెలిసిందే. 1984 డిసెంబరు నాటి యూనియన్ కార్బైడ్ దుర్ఘటన తరువాత నలభై ఏళ్లకు, 2025 జనవరి 1 రాత్రి ఫ్యాక్టరీలోని 337 టన్నుల విష వ్యర్థాలను పీథంపూర్‌కు తరలించి, ఆ తరువాత నెలల్లో అక్కడ దహనం చేశారు. చాలామంది దీంతో భోపాల్ శుభ్రమైపోయిందనుకున్నారు. ఆ 337 టన్నులు మూటగట్టి గోదాములో ఉంచినవి మాత్రమే. ఆ స్థలంలో శుద్ధి చేయాల్సిన మట్టే దాదాపు 11 లక్షల టన్నులు ఉంటుందని ఎన్‌జీఆర్‌ఐ, నాగ్‌పూర్‌లోని నీరి సంస్థలు 2010లో అంచనా వేశాయి.

ఈ రెండింటి నుంచి గ్రహించాల్సింది ఒకటుంది. కంపెనీ స్థలంలో ఉన్నప్పుడే, భూమి దాని చేతిలో ఉన్నప్పుడే దాన్ని బాధ్యుణ్ని చేయడం సులువు. అమ్మేసి వెళ్లిపోయాక, చేతులు మారాక, ముక్కలై వంద మంది పేర్ల మీదికి వెళ్లాక ఎవరిని పట్టుకుంటారు? అప్పుడు నష్టం కొనుక్కున్నవాడిదీ, పన్ను కట్టేవాడిదీ అవుతుంది.

తొందరపడితే ఏమవుతుంది, ఓపికపడితే ఏమవుతుంది?

అమెరికాలోని నయాగరా ఫాల్స్ పట్టణంలో లవ్ కెనాల్ అనే పాత కాలువలో హుకర్ అనే రసాయన కంపెనీ వేల టన్నుల వ్యర్థాలను పూడ్చి, 1953లో ఆ స్థలాన్ని ఒక్క డాలరుకు అక్కడి విద్యా బోర్డుకు ఇచ్చేసింది. కింద వ్యర్థాలున్నాయని దస్తావేజులోనే రాసింది. అయినా అక్కడ బడి కట్టారు, చుట్టూ ఇళ్లు వెలిశాయి. 1970లలో నేలమాళిగల్లోకి, పెరళ్లలోకి రసాయనాలు ఉబికి వచ్చాయి. 1978లో అత్యవసర పరిస్థితి ప్రకటించి, వందల కుటుంబాలను ఖాళీ చేయించారు. కలుషిత స్థలాల శుద్ధికి అమెరికా 1980లో తెచ్చిన 'సూపర్‌ఫండ్' చట్టానికి ముఖ్య కారణాల్లో ఇది ఒకటి. చవగ్గా వచ్చిందని తీసుకున్న స్థలం ఎంత ఖరీదైందో చూడండి.

దీనికి ఎదురు ఉదాహరణ లండన్. 2012 ఒలింపిక్స్ కోసం తూర్పు లండన్‌లో ఎంచుకున్న స్థలం దశాబ్దాల పరిశ్రమల వల్ల నూనెలు, తారు, లోహాలతో పాడైన నేల. స్టేడియాలు కట్టే ముందే దాదాపు 20 లక్షల టన్నుల మట్టిని తవ్వి, అక్కడికక్కడే 'మట్టి ఆసుపత్రులు' పెట్టి శుద్ధి చేశారు. అందులో సుమారు 80 శాతం మట్టిని తిరిగి అక్కడే వాడారు. ఇప్పుడది అందరూ తిరిగే పార్కు. వాళ్ల దగ్గర డబ్బుంది, నిజమే. కానీ ముందు పరీక్ష, తరువాత శుద్ధి, ఆపైన కట్టడం అన్న వరుసను పాటించడానికి డబ్బు ఒక్కటే అవసరం కాదు.

మరి హైదరాబాద్‌లో ఏం చేయవచ్చు?

పరిష్కారం మరీ కష్టమైనది కాదు. భూ వినియోగం మార్చమని వచ్చే ప్రతి దరఖాస్తుకూ మట్టి, భూగర్భ జలాల నివేదిక జతచేయాలని షరతు పెట్టవచ్చు. ఆ నివేదికలను ప్రజలు చూసేలా వెబ్‌సైటులో ఉంచవచ్చు. మార్పిడి రుసుములో కొంత భాగాన్ని మట్టి పరీక్షలకు, శుద్ధికి ప్రత్యేకంగా పక్కన పెట్టవచ్చు. కాలుష్యం తేలిన స్థలాన్ని శుద్ధి అయ్యేదాకా అమ్మకుండా ఆపవచ్చు. ఖర్చు ఎక్కువయ్యే స్థలాలను ఇళ్లకు, బడులకు కాకుండా గోదాములకు, పార్కింగుకు కేటాయించవచ్చు.

పరిశ్రమల వాళ్లకూ ఒక న్యాయమైన బెంగ ఉంది. పరీక్ష పేరుతో ఫైలు ఏళ్ల తరబడి ఆగితే చిన్న యూనిట్ల వాళ్లు నష్టపోతారు. గడువు పెట్టి, గుర్తింపు పొందిన ల్యాబుల చేత చేయిస్తే ఆ బెంగ తీరుతుంది. పరీక్షే వద్దనడం దానికి మందు కాదు.

మీరేం అడగవచ్చు?

పాత పారిశ్రామికవాడలో ఫ్లాటు కొనాలనుకుంటున్నా, మీ పిల్లల బడి అక్కడికి మారుతున్నా, మీ కాలనీ పక్కనే పనులు మొదలవుతున్నా ఈ నాలుగు విషయాలు ఆరా తీయండి.

ఒకటి, ఆ స్థలంలో ఇంతకు ముందు ఏ పరిశ్రమ నడిచింది? దానికి కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన అనుమతుల్లో ఏ రసాయనాలు, ఏ వ్యర్థాలు రాసి ఉన్నాయి? సమాచార హక్కు చట్టం కింద అడిగితే 30 రోజుల్లో జవాబివ్వాలి.

రెండు, మట్టి, నీటి పరీక్షలు జరిగాయా? ఎన్ని చోట్ల, ఎంత లోతున, ఏ ల్యాబులో? 20,000 చదరపు మీటర్లు, అంతకు మించిన నిర్మాణానికి పర్యావరణ అనుమతి తప్పనిసరి. ఆ దరఖాస్తు పత్రాలు కేంద్ర ప్రభుత్వ 'పరివేష్' పోర్టల్‌లో చూడవచ్చు.

మూడు, తవ్విన మట్టిని ఎక్కడికి పంపుతున్నారు? మీ వీధిలో పల్లం నింపడానికి వచ్చిన టిప్పరు ఎక్కడి నుంచి వచ్చిందో అడగడం మీ హక్కు.

నాలుగు, అనుమానం ఉంటే మునిసిపాలిటీకి లేదా కలెక్టరు కార్యాలయానికి లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రసీదు తీసుకోండి. 2025 నిబంధనల ప్రస్తావన అందులో ఉండేలా చూడండి. అనుమానిత స్థలాల జాబితాలో పేరు చేరడానికి అది దారి కావచ్చు. ఒక్కరిగా కాకుండా కాలనీ సంఘం పేరుతో ఇస్తే మరీ మంచిది.

ఇవన్నీ అడిగేదాకా బోరు నీళ్లు పరీక్ష చేయించకుండా తాగకండి. రంగు, వాసన లేనంత మాత్రాన నీళ్లు మంచివని కాదు. సీసానికీ ఆర్సెనిక్‌కీ రంగూ ఉండదు, వాసనా ఉండదు.

పాత ఫ్యాక్టరీ స్థలాలు మళ్లీ జనానికి పనికి రావాలి. నగరం ఊపిరి పీల్చుకోవాలంటే అవి కావాలి కూడా. దస్తావేజు పట్టుకుని వచ్చే ప్రతివాళ్లనూ మనం లింకు డాక్యుమెంట్లు చూపించమంటాం, ముప్పై ఏళ్ల ఈసీ తీయిస్తాం. భూమి మీద ఎవరి హక్కు ఉందో అంత శ్రద్ధగా చూసేవాళ్లం, ఆ భూమిలో ఏముందో కూడా ఒకసారి చూడమని అడగడం ఎక్కువేమీ కాదు.